వంతెన కింద పురుగు

ఆగస్టు 7

పదహారేళ్లయింది. ఆ మాట ఇంకా గొంతులో ముల్లులాగే ఉంది. నమ్మదగదు.

పురుగుల పుస్తకంలో రెండొందల పన్నెండో పేజీ. నా చదువు అంతంత మాత్రం. సైన్యంలో ఉన్న రెండేళ్లలో అక్షరాలు నేర్చుకున్నాను, వేలు పెట్టి కదిపితే గానీ చదువు ముందుకు సాగదు. ఆ పేజీ మాత్రం వేలు లేకుండానే వచ్చు. "ఇవి ఊరివాళ్లు పట్టి ఇచ్చిన పురుగులు. ఎక్కడ పట్టామని వాళ్లు చెప్పిన మాట నమ్మదగదు. రెండో రకం అనేది లేదు. మొదటి రకమే సీసాలో పాడై నల్లబడి ఉంటుంది." దాని కింద, ఇచ్చినవాడు సాతుర్నినో చుక్తాయా అని. పేజీ మొత్తానికి మనిషి పేరు ఒక్కటే, అది నాదే.

పుస్తకం వచ్చిన రోజు బడి పంతులు కొట్టు ముందు నిలబడి అందరికీ వినిపించేలా చదివాడు. ముందు నవ్వింది నాలాగే పురుగులు పట్టే ఉర్సులా. తరువాత నా సొంత చెల్లెలి కొడుకు విల్బర్. వాడే ఇప్పుడు మా ఊరికి పెద్ద. ఊరికి పట్టిన గతి అది.

రాసింది అరెకిపా పట్నం యూనివర్సిటీ డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరు కాదు, పురుగుల డాక్టరు. నీళ్లలో ఏ పురుగు ఎక్కడుంటుందో చుక్కలు పెట్టి పటం గీయడం ఆవిడ ఉద్యోగం. 2003లో వచ్చి మా ఇంట్లో పదిరోజులు తిని, నా సీసాలు పట్టుకుపోయి, మళ్లీ మొహం చూపించకుండా నా గురించి అలా రాసింది.

ఈ నోటుబుక్కు కూడా ఆవిడ ఇచ్చిందే. నీళ్లలో పడ్డా తడవని కాగితమట. "ఏ రోజు ఏ నీళ్లలో పట్టారో ఇందులో రాయండి సాతుర్నినో గారూ" అంది. నేను ఒక్క ముక్క రాయలేదు. పుస్తకం వచ్చాక దీన్ని దూలం మీదికి విసిరేశాను. ఆ పుస్తకం మాత్రం పనికొచ్చింది. మా మంచానికి ఒక కోడు పొట్టి.

ఇవాళ విల్బర్ వచ్చి వెళ్లాడు. నోరు తెరిస్తే అరుస్తాను, అరిస్తే దొమితిలా నన్నే తిడుతుంది. నలభై ఏడేళ్ల కాపురంలో ఆవిడ నా పక్షాన మాట్లాడిన రోజు ఒక్కటి కూడా లేదు. అందుకని దుమ్ము దులిపి రాస్తున్నాను.

ఆగస్టు 8

నిన్న విల్బర్ సంగతి రాయకుండానే పడుకున్నాను.

కొత్త చొక్కా వేసుకొచ్చాడు. అప్పుడే అనుకున్నాను, ఏదో అడగడానికి వచ్చాడని.

"మావయ్యా, పై వాగులో ట్రౌట్ చేపలు పెంచుదామనుకుంటున్నాం. అక్టోబరు ఒకటిన మీటింగులో చేతులెత్తించేస్తాం."

"ఏ పై వాగు?"

"ఎన్ని పై వాగులున్నాయేంటి? నువ్వు కంచరగాడిదని తోలుకుపోతావే, అది."

"ఆ నీళ్లు నావిరా."

"నీళ్లు నావీ నీవీ ఏంటి మావయ్యా, ఊరివి. నీ మంచాన్నేమైనా అడిగానా?"

"నా పురుగు ఏమవుతుంది? నీ చేప నోరు తెరిస్తే కదిలేదల్లా లోపలికే."

వాడు నవ్వి, చంకలోంచి కాగితం తీసి పరిచాడు. డాక్టరమ్మ పటమే, పెద్దది చేసి అచ్చేయించారు.

"జిల్లా ఆఫీసువాళ్లు అడిగారు, ఇంకెక్కడా లేని పురుగు అక్కడేమైనా ఉందా అని. ఉంటే చేపలు వెయ్యనివ్వరట. ఇది చూపించాను. చూడు, చుక్కలన్నీ వంతెన దగ్గరే. పైన ఒక్కటీ లేదు. తెల్లగా ఉంది, నీ తలకాయలాగ."

"ఆవిడకేం తెలుసురా? ఆవిడో గుడ్డిది."

"గుడ్డిదో కుంటిదో, ఆఫీసుకి ఆవిడ మాటే కావాలి. నీ మాట కాదు. నీ మాట సంగతి పుస్తకంలోనే రాసి ఉంది కదా."

దొమితిలా వాడికి వేయించిన మొక్కజొన్న గింజలు పెట్టింది. వద్దని సైగ చేశాను. చూడనట్టు ఇంకో గుప్పెడు పోసింది.

ఆగస్టు 10

చదువుకున్నవాళ్ల తెలివి చూడాలంటే ఆ డాక్టరమ్మని చూడాలి.

అద్దం కింద పురుగుని పెట్టి కాలి మీద వెంట్రుకలు లెక్కపెట్టేది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా. ఇటు మూడు, అటు నాలుగు. నేను పక్కనే కూర్చుని కోకా ఆకు నములుతూ చూసేవాణ్ణి. నాకు అద్దం అక్కర్లేదు. పంటి కింద పెడితే చాలు.

మా నీళ్లలో తినే పురుగు రెండు రకాలు. వంతెన దగ్గరది గోధుమ రంగుది, లావుది, బురద కంపు కొడుతుంది. మిరపకాయ ఎంత దంచినా ఆ కంపు పోదు. పట్నం వాళ్లు దాన్నే కొనుక్కుపోయి ఆహా ఓహో అంటారు. నాది నల్లది, నువ్వుగింజంత ఉంటుంది. వేడి రాయి మీద వేయిస్తే చిటపటమంటుంది. నూరితే నాలుక మీద ముందు చల్లగా, తరువాత మంటగా. దొమితిలా కళ్లు మూసుకుని నూరినా ఏదో చెప్పేస్తుంది. నల్లది నూరుతుంటే రాయి చప్పుడే వేరట.

రెండూ ఒకటేనట! సీసాలో పాడైందట! చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

పైగా, లేదు అని రాసేముందు ఒక్కసారైనా వెతకాలి కదా. వెతకలేదు.

ఆగస్టు 11

పుస్తకం మంచం కింద నుంచి తీశాను. మంచం కుంటుతోంది.

ఆగస్టు 13

పటంలో చుక్కలు లెక్కపెట్టాను. వంతెన దగ్గర ముప్పై ఒకటి. ఒకదాని మీద ఒకటి, కళ్లాపి చల్లినట్టు. లోయ మొత్తం మీద ఇంకెక్కడా ఒక్క చుక్క లేదు. ఇన్ని నీళ్లు, ఇన్ని ఊటలు, ఇన్ని రాళ్లు పెట్టుకుని పురుగులన్నీ ఆ ఒక్క వంతెన కింద సంత పెట్టుకున్నాయట.

నవ్వొచ్చింది. దొమితిలా లోపల్నుంచి, "ఏంటయ్యా ఒక్కడివే నవ్వుకుంటున్నావు?" అంది.

ఏం లేదన్నాను.

ఆగస్టు 15

అమ్మవారి పండగ. చర్చి దగ్గర్నుంచి వస్తూ ఉర్సులా కలిసింది. మొగుడు పోయి పదేళ్లయినా ఇప్పటికీ పురుగు పడుతుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. భుజం మీద తడి గోతాం.

"బాగా దొరికినట్టుందే, ఎక్కడ?" అన్నాను.

"వంతెన కింద" అంది.

"మరి కొంగుకి కొండ మీది నాచు అంటుకుందేం?"

"వంతెన పెరిగిందన్నా. నువ్వెక్కడ పట్టావు?"

"వంతెన కింద."

ఇద్దరం నవ్వుకున్నాం. నలభై ఏళ్లుగా ఇదే మాట, ఇదే నవ్వు.

ఆ వెంటనే అంది, "పాపం, ఆ డాక్టరమ్మ కూడా అడిగేదన్నా. అందరం అదే చెప్పాం. ఏం చెప్తాం మరి? చుట్టంగా వచ్చిన మనిషిని పట్టుకుని చెప్పను పో అంటామా?"

"నువ్వు చెప్పావేమో. నా సంగతి నీకెందుకు?"

"నేనే కాదు. నువ్వు కూడా."

దీని మొహం చూడకూడదు పండగపూట.

ఆగస్టు 16

ఇందులో తప్పేముంది?

వంతెన కింద అంటే వంతెన కింద అని కాదు. అడగకు అని. మా ఊళ్లో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఎవరి నీళ్లు వాళ్లవి, పేరు పైకి చెప్పరు. అడిగినవాడూ నిజం చెప్తారని అడగడు, బాగున్నావా అన్నట్టు అడుగుతాడు, అంతే. బాగున్నావా అంటే కడుపు కోసి చూపిస్తామా?

అది అబద్ధం కాదు. మర్యాద. అంత చదువుకున్న మనిషికి ఆమాత్రం తెలియకపోతే తప్పు ఎవరిది?

నేను అబద్ధం చెప్పలేదు.

ఆగస్టు 17

మా నాన్న ఒక్కసారి చెప్పాడు, తన నీళ్ల పేరు. ఉన్ని వర్తకుడికి. చలిలో వచ్చాడని ఇంట్లో పడుకోబెట్టి, తాగించి, తాగి, చెప్పేశాడు. మరుసటి ఏడు నీళ్లు తగ్గగానే పద్నాలుగు మంది గోతాలతో వచ్చారు. ఉన్న రాళ్లన్నీ తిరగేసి, తిరగేసిన రాయిని మళ్లీ బోర్లించకుండా పోయారు. రాయి బోర్లించకపోతే గుడ్డు ఎండకి చస్తుంది. నాలుగేళ్లు ఒక్క పురుగు లేదు. ఆ నాలుగేళ్లూ మా అమ్మ ఒట్టి మిరపకాయ నూరింది. నూరిన ప్రతిసారీ మా నాన్న వైపు చూసేది. ఒక్క మాట అనేది కాదు, చూసేది.

ఆయన పోయేముందు నా చెవిలో ఆ పేరు చెప్పాడు. "పెదవి దాటనివ్వకు" అన్నాడు. నేను దాటనివ్వలేదు. ఇందులో కూడా రాయను.

ఆగస్టు 19

దొమితిలా బంగాళాదుంపలు తొక్క తీస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఆ పటంలో చుక్కలన్నీ అక్కడే ఎందుకున్నాయయ్యా?"

"దాని బుర్రలో గుజ్జు లేక."

"ఆవిడ చూసిందే పెట్టిందా, మీరు చెప్పిందే పెట్టిందా?"

"నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. ఇరవై ఏళ్లయింది. నేను అబద్ధం మాత్రం చెప్పలేదు."

"అబద్ధం అని నేనన్నానా?"

"అనకపోయినా నీ మొహం అంటోంది."

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస" అని దుంపలు తీసుకుని లేచిపోయింది.

ఉత్త మొండి మనిషి.

ఆగస్టు 20

అరెకిపా వెళ్తాను. నల్లది ఒక సీసా, గోధుమది ఒక సీసా, చెరకు సారాలో వేసి పెట్టాను. ఆవిడ బల్ల మీద రెండూ పెట్టి, లెక్కపెట్టు నీ వెంట్రుకలు అంటాను. చూద్దాం, ఈసారి ఏం పాడైందంటుందో.

ఆగస్టు 24

వెళ్లొచ్చాను. దండగ.

ఆగస్టు 26

రెండు రోజులుగా దొమితిలా ఏమైందని అడగడం లేదు. అడిగితే చెప్పకుండా ఉండేవాణ్ణి. అడగకపోవడంతోనే వచ్చింది చిక్కు.

యూనివర్సిటీలో ఆవిడ గది నేలమాళిగలో ఉంది. గోడల నిండా సీసాలే, ఊరగాయల కొట్టులాగ. ఆవిడ జుట్టు నెరిసిపోయింది. కర్ర పట్టుకుని లేచింది. నన్ను వెంటనే గుర్తుపట్టింది, అదే నాకు నచ్చలేదు.

"సాతుర్నినో గారూ! దొమితిలా ఎలా ఉంది? ఆ పచ్చడి రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది."

"పచ్చడి కోసం రాలేదు డాక్టరమ్మా" అని రెండు సీసాలూ బల్ల మీద పెట్టాను.

ఆవిడ నల్లదాన్ని అద్దం కింద పెట్టింది. చాలాసేపు చూసింది. ఏ వెంట్రుకలూ లెక్కపెట్టలేదు. తల ఎత్తకుండానే, "ఇది వేరే" అంది. "అప్పుడు కూడా నాకు అనుమానమే. మీరు రెండు రకాలన్నారు. దొమితిలా అంది. నా నాలుక కూడా అంది."

"మరి లేదని ఎందుకు రాశావు?"

అప్పుడు తల ఎత్తింది.

"ఎక్కడుందో తెలియని పురుగు నాకు లేనట్టే సాతుర్నినో గారూ. సీసా మీద ఊరి పేరు, నీటి పేరు ఉంటేనే అది పురుగు. లేకపోతే సారాలో నానిన చెత్త. మీరు వంతెన కింద అన్నారు. నేను వెళ్లాను. తరువాత మూడేళ్లు వరసగా, నీళ్లు తగ్గే నెలల్లో, నడుం లోతు మంచునీళ్లల్లో రోజుకి ఆరు గంటలు. ఒక్క నల్లదీ దొరకలేదు. ఇదిగో ఈ మోకాళ్లు మీ వంతెన దగ్గరే పోయాయి."

కర్రతో మోకాలి మీద తట్టుకుంది. చప్పుడు కొయ్య మీద తట్టినట్టే ఉంది.

ఆ తరువాత కాగితం ముందుకి లాక్కుని పెన్సిలు తీసింది. "విల్బర్ గారి మీటింగు సంగతి జిల్లా ఆఫీసువాళ్లు చెప్పారు. నేను డిసెంబరులో రిటైరవుతున్నాను. మిగిలిపోయిన చుక్క ఒక్కటి పెట్టడానికి ఇంకా వీలుంది. నేను కళ్లారా చూసి సంతకం పెడితే ఆఫీసు ఆగుతుంది. చెప్పండి, ఎక్కడ?"

పెన్సిలు కాగితం మీద ఆనించి కూర్చుంది.

నేను నోరు తెరిచాను. పేరు నాలుక కొసకి వచ్చింది, నిజం. వచ్చి అక్కడే ఆగిపోయింది. నోరు దాని పని అది చేసుకుపోయింది.

"వంతెన కింద" అన్నాను.

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. నా సీసాలకి మూతలు బిగించి నా చేతికే ఇచ్చింది. గుమ్మం దాకా కర్ర ఊతంతో వచ్చి, "దొమితిలాని అడిగానని చెప్పండి" అంది.

మొహం మీదే పేరు అడగడం ఏం మర్యాద?

ఆగస్టు 27

ఆవిడ మళ్లీ రాలేదని ముందు పేజీలో రాశాను. కొట్టెయ్యాలి. కాగితం నీళ్లకి తడవదు, పెన్సిలు గీత కూడా సరిగ్గా చెరగడం లేదు.

వచ్చింది. మూడేళ్లూ వచ్చింది. వంతెన గోడ మీద మోచేతులు ఆనించి ఊరంతా చూసేవాళ్లం. ఉర్సులా వేయించిన గింజలు తెచ్చేది. కింద ఆవిడ నీళ్లలో వంగి ఒక్కొక్క రాయినే తిరగేసి, చూసి, మళ్లీ జాగ్రత్తగా బోర్లించేది. బోర్లించాలని ఆవిడకి ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే నేర్పలేదు.

ఒకసారి పైకి చూసి అరిచింది. "సాతుర్నినో గారూ, సరిగ్గా ఎక్కడ?"

"కొంచెం ఎడమ వైపు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆవిడ ఎడమ వైపు జరిగింది.

ఆగస్టు 30

శాంటా రోసా పండగ రోజు. నా నీళ్లకి వెళ్లాను.

మీటింగు కాకముందే విల్బర్ వల పంజరం ఒకటి దించాడు. పరీక్షకట. వాడికి అంత ఓపిక ఎక్కడిది? వలకి ఒక మూల చిరుగు. ఎవడు అల్లాడో, చేతులు పడిపోవాలి వాడికి. నీళ్లు చేతికి ఎప్పటిలాగే కొరికేంత చల్లగా ఉన్నాయి. మొదటి రాయి ఎత్తాను. ఉన్నాయి. రెండోది, ఉన్నాయి. పంజరం దాటి కిందికి వచ్చి ఎత్తాను. రాయి నున్నగా ఉంది, కడిగిన పళ్లెంలాగ. దాని పక్కది, అదీ నున్నగానే. తొమ్మిది రాళ్లు ఎత్తాను.

మడుగులో చేప కనిపించింది. జానెడు లేదు. టోపీతో పట్టాను. అంత తెలివితక్కువ చేప అది, టోపీలోకి వచ్చింది.

ఇంటికి తెచ్చి కోశాను. పొట్ట నిండా నల్లది. నా నల్లదే, ఇంకా అరగలేదు, కొన్నిటికి కాళ్లు కూడా ఊడలేదు. పళ్లెంలో పోసి లెక్కపెట్టాను. నూట అరవై రెండు. ఒక్క పూట తిండి.

దొమితిలా పళ్లెం వైపు చూసింది, నా వైపు చూసింది. మా అమ్మ చూసినట్టే చూసింది.

"ఈ చేప ఎక్కడ తిన్నదో చెప్పమంటే చెప్పేస్తుంది" అంది. "దానికి నీ అంత మర్యాద లేదు."

చేపని వేయించింది. నేను ముట్టలేదు. విల్బర్ వచ్చి తిని, బాగుంది అత్తయ్యా అన్నాడు. వాడికి నాలుక ఉన్నదే మాట్లాడడానికి.

సెప్టెంబరు 2

విల్బర్‌ని వల బాగుచెయ్యమన్నాను. ఎందుకు మావయ్యా, అక్టోబరు నుంచి వాగంతా పంజరమే కదా అన్నాడు.

సెప్టెంబరు 4

ఈ పూట దొమితిలాతో అన్నాను, నీకొకటి చెప్పాలి, మా నాన్న చెప్పిన పేరు అని.

"చెప్పక్కర్లేదు, తెలుసు" అంది.

"ఎలా?"

"పెళ్లయిన మొదటి ఏడే. నిద్రలో అంటావు. జ్వరం వస్తే రెండుసార్లు అంటావు."

"నలభై ఏడేళ్లు తెలిసీ ఒక్కరికీ చెప్పలేదా? ఉర్సులాకి కూడా?"

"అడిగింది. వంతెన కింద అన్నాను."

నా పక్షాన ఒక్కరోజు మాట్లాడలేదని ఈ నోటుబుక్కులోనే ఎక్కడో రాశాను.

నోటుబుక్కు నా ముందుకి తోసి, "రాయి" అంది. "నోటితో రాదు నీకు. చెయ్యి వేరే, నోరు వేరే. రాయి."

"అచ్చులో పడితే గోతాలతో వస్తారే."

"వచ్చినవాడు ఏదో ఒకటి వదిలిపోతాడు. మీ నాన్నకి నాలుగేళ్లకైనా తిరిగొచ్చాయి. చేప ఏం వదుల్తుంది?"

సెప్టెంబరు 5

రేపటి బస్సులో పంపుతున్నాను. ముందు ఇందులో రాసుకుని, తరువాత మంచి కాగితం మీద ఎక్కించాను. పంతులుకి చూపించలేదు. తప్పులుంటే ఉండనీ.

డాక్టరమ్మకి,

రాస్తున్నది సాతుర్నినో చుక్తాయా, నమ్మదగనివాడు.

నల్ల పురుగు వంతెన కింద లేదు. ఎప్పుడూ లేదు. ఎడమ వైపు కూడా లేదు.

మా ఊళ్లో వంతెన కింద అంటే అడగొద్దు అని. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పలేదు. మీరు తిన్నది మా ఇంట్లో, పడుకున్నది మా ఇంట్లో, కాబట్టి చెప్పవలసింది నేను. మూడేళ్లు గోడ మీద నుంచి చూశాను గానీ చెప్పలేదు. అంత చదువుకుని ఆమాత్రం పోల్చుకోలేకపోవడం మీ తప్పు అని ఇప్పటికీ అంటాను. మిగిలింది నా తప్పు.

క్షమించమని అడగను, నాకు అలవాటు లేదు. మీ మోకాళ్ల సంగతి విన్నాను. నా కంచరగాడిద ముసలిది, నెమ్మదిగా నడుస్తుంది, జీను మీద రెండు దుప్పట్లు వేస్తాను. మీరు దిగక్కర్లేదు. రాళ్లు నేనెత్తి చూపిస్తాను, మళ్లీ బోర్లిస్తాను.

చేప పొట్టలోవి నూట అరవై రెండు సారాలో వేసి ఉంచాను. నా మాట నమ్మకపోతే చేప మాట నమ్మండి.

మీ పుస్తకంలో రెండొందల పన్నెండో పేజీలో రెండో రకం లేదు అన్నది కొట్టెయ్యండి. నమ్మదగదు అన్న మాట మీ ఇష్టం, ఉంచుకోవచ్చు.

ఇప్పుడు పెన్సిలు తీయండి. మా నాన్న నా చెవిలో చెప్పినప్పటి నుంచి దీన్ని మెలకువగా ఉండి ఎవరికీ చెప్పలేదు. ఆ నీళ్ల పేరు యానపుక్యో. ఆఖరి ఇంటి నుంచి గాడిద మీద మూడు గంటలు పైకి, రెండు పగిలిన బండలు దాటాక, నల్ల రాయి కింద నుంచి వస్తాయి. యానపుక్యో. చుక్క అక్కడ పెట్టండి.

ఊరి మీటింగు అక్టోబరు ఒకటిన. మీరు చూసి, సంతకం పెట్టి, అది ఆఫీసుకి చేరడానికి వారం కావాలి. అందుకని సెప్టెంబరు ఇరవై నాలుగు, ఆదివారం. అరెకిపా బస్సు పదకొండింటికి వంతెన దగ్గర ఆగుతుంది. నేను గాడిదతో వంతెన మీద ఉంటాను. కింద కాదు, మీద. వస్తారా, రారా? ఇరవై నాలుగు లోపల నాకు జవాబు కావాలి.

సాతుర్నినో చుక్తాయా